పుస్తకంలో వెయ్యని ఇల్లు

"నెమ్మదిగా మాట్లాడక్కా. అమ్మకి వినిపిస్తోంది," అన్నాడు పెద్దిరాజు.

"వినిపించనీ. ఆవిడ గురించే కదా మాట్లాడుకునేది," అంది మీనాకుమారి. కాకినాడ నుంచి పొద్దున్న బస్సుకి వచ్చింది. సంచీ ఇంకా గుమ్మం పక్కనే ఉంది. కాళ్ళు కూడా కడుక్కోలేదు.

ఇద్దరి మధ్యా మంచం మీద నాగరత్నం పడుకుని ఉంది. కూతురు మాట్లాడితే కూతురి వైపు, కొడుకు మాట్లాడితే కొడుకు వైపు కళ్ళు తిప్పుతోంది. పక్షవాతం కుడిచేతినీ కుడికాలినీ పట్టుకుపోయింది. వాటితో పాటే మాటనీ తీసుకుపోయి, ఒకే ఒక్క మాట వదిలిపెట్టింది.

"అదే," అంది నాగరత్నం.

ఇద్దరూ ఆగారు.

"ఏంటమ్మా? మంచినీళ్ళా?"

"అదే... అదే."

"ఫ్యాను ఆపమంటావా? కాఫీయా? ఎండ కళ్ళల్లో పడుతోందా?"

నాగరత్నం తల ఊపింది. అవునన్నా కాదన్నా ఆవిడ తల ఒకేలా ఊగుతుంది. రాజమండ్రి డాక్టరు ఆ సంగతి ముందే చెప్పాడు. మాటలన్నీ లోపల భద్రంగానే ఉన్నాయనీ, బయటికొచ్చే దారి తెగిపోయిందనీ, అవునూ కాదూ కూడా తారుమారవుతాయనీ, ఓపిక పట్టాలనీ అన్నాడు.

మీనాకుమారి నీళ్ళు తెచ్చింది. పెద్దిరాజు కిటికీ తలుపు మూశాడు. వంటింట్లోంచి సత్యలక్ష్మి వచ్చి అత్తగారి తలగడ సర్దింది. ఏడో నెల కడుపుతో వంగడం ఆ అమ్మాయికి కష్టంగా ఉంది. నాగరత్నం ఇంకో రెండుసార్లు "అదే" అంది. తరవాత కళ్ళు మూసుకుంది.

ఆవిడ ఏమడిగిందో ఎవరికీ తెలియలేదు.

"చూశావా?" అంది మీనాకుమారి, గొంతు తగ్గించి. "సత్యలక్ష్మి ఉండగానే ఇలా ఉంది. రేపు తను పురిటికి పుట్టింటికెళ్ళిపోతే అమ్మనెవరు చూస్తారు? నువ్వూ నాన్నా షాపు కట్టేసి కూర్చుంటారా?"

"ఆయాని మాట్లాడతాను."

"పరాయి మనిషికి ఏం అర్థమవుతుంది? నాకే అర్థం కావట్లేదు."

"మరి నీకే అర్థం కానప్పుడు కాకినాడ తీసుకెళ్ళి ఏం చేస్తావు? అక్కడ మీ అత్తగారు, మామగారు, మరుదులు. మేడమీద వాటా. అమ్మని ఎత్తుకుని మెట్లెక్కిస్తారా?"

"మా వాళ్ళేం అనరు."

"నన్నంటారు. కొడుకుండగా తల్లిని తీసుకెళ్ళి అల్లుడింట్లో పడేశాడని బజారంతా చెప్పుకుంటారు."

"నీకు బజారు గొడవ. అమ్మ గొడవ కాదు."

"అక్కా!"

వీధరుగు మీద కుర్చీలో కాశీవిశ్వనాథం కూర్చుని ఉన్నాడు. నిడదవోలు బజార్లో పాతికేళ్ళుగా గాజులూ రిబ్బన్లూ బొట్టుబిళ్ళలూ అమ్ముతున్న మనిషి. షాపులో ఎంతమంది ఆడవాళ్ళు ఒకేసారి అడిగినా విసుక్కోకుండా సమాధానం చెప్పే ఆయన, ఇంట్లో మాత్రం భార్యకి జబ్బు చేసినప్పటి నుంచీ నోరు విప్పడమే తగ్గించేశాడు.

"నాన్నా, మీరేమంటారు?" అని కూతురు గుమ్మంలోకి వచ్చి అడిగింది.

"నేనేమంటానమ్మా."

"ఏదో ఒకటి అనాలి కదా."

ఆయన కండువా అంచు వేలికి చుట్టుకున్నాడు.

"మీ అమ్మని అడిగితే బావుంటుంది," అన్నాడు.

"ఎలా అడుగుతారు? అడిగితే ఏం చెబుతుంది? అదే అంటుంది!" మీనాకుమారి నవ్వబోయింది. ఆ నవ్వు మధ్యలోనే ఏడుపైపోయింది. కొంగు నోట్లో కుక్కుకుని లోపలికెళ్ళిపోయింది.

ఆయన చెప్పులేసుకుని షాపుకెళ్ళాడు.

* * *

ఆ మధ్యాహ్నం సమిశ్రగూడెం నుంచి వచ్చిన ముసలమ్మ ఒకావిడ బొట్టుబిళ్ళలు అడిగింది. రంగు పేరు చెప్పలేక, గోడకి వేలాడే నమూనా అట్ట దగ్గరికెళ్ళి, ఒక బిళ్ళ మీద వేలు పెట్టింది. ఆయన ఇచ్చాడు. ఆవిడ వెళ్ళిపోయింది.

కాశీవిశ్వనాథం ఆ అట్ట వైపే చూస్తూ నిలబడ్డాడు. వెనకాల ఇద్దరు ఆడపిల్లలు రిబ్బను కావాలని అరుస్తున్నా వినిపించుకోలేదు.

భోజనానికి ఇంటికొచ్చేటప్పుడు చంకలో చొక్కాల పెట్టెల అట్టలు, పోయినేడాది క్యాలెండర్లు, జరీ లేసు చుట్ట, చమ్కీల పొట్లం తెచ్చాడు. అన్నం తిన్నాక చాప మీద అవన్నీ పరుచుకుని కత్తెర పట్టుకున్నాడు.

"ఏంటండీ మామయ్యగారూ ఇది?" అంది సత్యలక్ష్మి.

"పుస్తకం చేస్తానమ్మా. మీ అత్తయ్యకి. కావలసిందేదో బొమ్మ మీద వేలు పెట్టి చూపిస్తుంది. ఎడంచెయ్యి బాగానే ఉంది కదా."

సత్యలక్ష్మి వంటింట్లోకెళ్ళింది. మైదాపిండి జిగురు ఉడకబెట్టి, పురుగు పట్టకుండా అందులో కాస్త మైలుతుత్తం వేసి, గిన్నె తెచ్చి ఆయన పక్కన పెట్టింది.

రోజూ మధ్యాహ్నం షాపు మూసే వేళ అదే పని. కాఫీపొడి ప్రకటనలోంచి గ్లాసు కత్తిరించాడు. వారపత్రికలోంచి ఫ్యానూ రేడియో దొరికాయి. దుప్పటి బొమ్మ ఎక్కడా దొరక్కపోతే నిజం దుప్పటి ముక్కే చిన్నది కత్తిరించి అంటించాడు. ఒంటికీ రెంటికీ మంచం కింద పెట్టే పళ్ళెం బొమ్మ తనే గీశాడు. అది గుమ్మడికాయలా వచ్చింది. చెరిపి మళ్ళీ గీశాడు. మళ్ళీ గుమ్మడికాయే వచ్చింది. ఇంట్లోవాళ్ళ ఫొటోలు ఆల్బంలోంచి తీసి ఒక పేజీలో వరసగా అతికించాడు. ప్రతి అట్ట చుట్టూ జరీ లేసు కుట్టాడు. మూలల్లో పువ్వుల బొమ్మలు అంటించి, పువ్వు నడుమ చమ్కీ పెట్టాడు.

"జబ్బు మనిషికి చమ్కీలెందుకండీ నాన్నగారూ?" అన్నాడు పెద్దిరాజు. "నాలుగు బొమ్మలు అతికించి ఇచ్చేస్తే అయిపోయేదానికి."

"ఇన్నేళ్ళలో మీ అమ్మకి నా చేత్తో చేసి ఇచ్చిందేదీ లేదురా. షాపులోంచి తెచ్చి పడెయ్యడమే."

పెద్దిరాజు బయటికెళ్ళిపోయాడు. సాయంత్రం మాత్రం అట్టలు కుట్టడానికి గోనెసూది, పురికొస తెచ్చి చాప మీద పెట్టాడు.

తిండి పేజీ దగ్గర కాశీవిశ్వనాథం ఆగిపోయాడు.

"సత్యా, మీ అత్తయ్యకి ఏం కూరంటే ఇష్టమమ్మా?"

సత్యలక్ష్మి బియ్యం చేట పక్కన పెట్టి ఆలోచించింది. "ఆవిడెప్పుడూ మీకిష్టమైనవే వండేవారండీ. మీరు షాపుకెళ్ళాక మిగిలింది తినేవారు. ఆవిడకేమిష్టమో నేనెప్పుడూ..."

ఆ మాట పూర్తి చెయ్యలేదు. ఆయన కూడా పూర్తి చెయ్యమనలేదు. కూతుర్ని అడిగితే గుత్తివంకాయ అంది. కొడుకునడిగితే పనసపొట్టు అన్నాడు. రెండూ ఆయనకిష్టమైన కూరలే. ఆ పేజీలో దొరికిన కూరల బొమ్మలన్నీ అతికించేశాడు.

సత్యలక్ష్మి తన పెట్టెలోంచి అత్తగారి పాత పట్టుచీర అంచు తెచ్చి ఇచ్చింది. పుస్తకం పై అట్టకి దాన్ని తొడుగులా కుట్టాడు. ముందుముందు కొత్త బొమ్మలు అతికించుకోవడానికి వెనకాల కొన్ని అట్టలు ఖాళీగా వదిలి, మొత్తం కలిపి బిగించి కుట్టేశాడు.

* * *

పుస్తకం ఒళ్ళో పెట్టినప్పుడు నాగరత్నం దాన్ని తెరవలేదు. పట్టు అంచు మీద ఎడంచేత్తో నిమురుతూ కూర్చుంది. గుర్తుపట్టింది. భర్త వైపు చూసి నవ్వింది. నోరు ఒక పక్కకి లాగేసినా అది నవ్వేనని తెలుస్తోంది.

"నేనే చేశాను రత్నం. నీకోసం. తెరువు."

ఒక్కో అట్టా తిప్పింది. గుమ్మడికాయ దగ్గర ఆగి, అదేమిటన్నట్టు చూసింది. ఆయన సిగ్గుపడుతూ చెవిలో చెప్పాడు. నాగరత్నం భుజాలు కదిలిపోయేలా నవ్వింది. ఆ నవ్వు విని వంటింట్లోంచి అందరూ పరిగెత్తుకొచ్చారు.

తరవాత ఆవిడ వేలు ఒకచోట ఆగింది. కాఫీగ్లాసు మీద కాదు, రేడియో మీద కాదు. పేజీ మూల అందం కోసం అతికించిన పూల బొమ్మ మీద.

"అదే."

"అది ఊరికే అలంకారానికి పెట్టానే. ఇవిగో, కావలసినవి ఇక్కడున్నాయి," అన్నాడు ఆయన.

వేలు అక్కడి నుంచి కదల్లేదు.

"పూలు, మామయ్యగారూ," అంది సత్యలక్ష్మి. "అత్తయ్యగారు పూలడుగుతున్నారు. జబ్బు చేసినప్పటి నుంచీ తల్లో పువ్వు పెట్టలేదండీ మనం."

కాశీవిశ్వనాథం చొక్కా కూడా తొడుక్కోకుండా కండువా భుజాన వేసుకుని పూలకొట్టుకెళ్ళాడు. మల్లెమాల తెచ్చాడు. నాగరత్నం మాల తోసేసి మళ్ళీ బొమ్మ మీద వేలు పెట్టింది. బొమ్మలోవి కనకాంబరాలు. ఆయన మళ్ళీ పరిగెత్తాడు.

మీనాకుమారి తల దువ్వి కనకాంబరాలు పెడుతుంటే నాగరత్నం కళ్ళు మూసుకుని కూర్చుంది. ఆ సాయంత్రం ఇంట్లో ఎవరూ పోట్లాడుకోలేదు. పక్కింటివాళ్ళొచ్చి చూసి, మాట్లాడేసిందిట, పూలు కావాలని అడిగిందిట అని చెప్పుకుంటూ వెళ్ళారు.

ఆ సంతోషంలోనే మీనాకుమారి అంది. "అయితే ఇంక గొడవెందుకు? ఎక్కడుంటావని అమ్మనే అడుగుదాం. నాన్నా, ఇళ్ళు గీయండి. మన ఇల్లొకటి, మా ఇల్లొకటి."

"ఆవిడ ఎక్కడంటే అక్కడే. నేను మారుమాట్లాడను," అన్నాడు పెద్దిరాజు. తల్లి ఈ ఇంటినే చూపిస్తుందని అతని ధీమా.

మర్నాడు కాశీవిశ్వనాథం వెనకాల ఖాళీగా వదిలిన అట్టల్లో ఒకదాని మీద ఇళ్ళు వేశాడు. ఆకుపచ్చ తలుపులూ వీధరుగూ పెంకుల చూరూ ఉన్నది ఈ ఇల్లు. పక్కన మేడ, మెట్లు, బాల్కనీలో ఆరేసిన చీర. అది కాకినాడ. ఈసారి బొమ్మలు బాగానే కుదిరాయి.

సత్యలక్ష్మి జిగురు గిన్నె తెచ్చి పక్కన పెట్టి, వెంటనే వెళ్ళలేదు.

"మామయ్యగారూ. పెనుగొండ ఇల్లు కూడా వేస్తారా?"

ఆయన చేతిలో పెన్సిలు ఆగింది.

ఆ ఇంట్లో పెనుగొండ పేరు ఎవరూ ఎత్తరు. నాగరత్నం పుట్టిల్లు అది. అమ్మవారి గుడి వెనక వీధి. ఆవిడ తమ్ముడు జోగేశ్వరరావు మీనాకుమారిని తన కొడుక్కి అడిగాడు. మేనరికం వద్దని కాశీవిశ్వనాథం కాకినాడ సంబంధం చేశాడు. నా ఇంటి గడప తొక్కొద్దని జోగేశ్వరరావు అన్నాడు. నేనే కాదు, నా భార్య కూడా తొక్కదని ఈయన అన్నాడు. మగవాళ్ళిద్దరూ మాట మీద నిలబడ్డారు. తల్లి పోయినప్పుడు నాగరత్నం పొద్దున్న బస్సుకి వెళ్ళి, చీకటి పడకుండానే తిరిగొచ్చేసింది. పుట్టింటి గురించి తరవాతెప్పుడూ ఒక్క మాట కూడా అనలేదు. మాట ఉన్న రోజుల్లో కూడా.

"అక్కడెవరు చూస్తారమ్మా?" అన్నాడు ఆయన.

"అడగడమే కదండీ. ఆవిడకి కావాలో వద్దో..."

"వద్దు."

"మామయ్యగారూ, ఊరికే బొమ్మేగా..."

"వద్దన్నాను కదమ్మా." ఆయన గొంతు కఠినంగా లేదు. బతిమాలుతున్నట్టుంది. "అడిగితే, ఆవిడ అదే చూపిస్తే, నేనేం చెయ్యను? ఏ మొహం పెట్టుకుని ఆ గుమ్మంలోకి వెళ్ళను? వాడు తలుపెయ్యడని ఏంటి నమ్మకం?"

సత్యలక్ష్మి గిన్నె తీసుకుని వెళ్ళిపోయింది. ఆయన ఇళ్ళ చుట్టూ లేసు కుట్టాడు. చాలా శ్రద్ధగా, దగ్గరదగ్గరగా కుట్లు వేశాడు.

* * *

ఆదివారం పొద్దున్న టిఫిన్లయ్యాక నాగరత్నాన్ని దిళ్ళానించి కూర్చోబెట్టారు. పుస్తకం ఒళ్ళో పెట్టి, ఇళ్ళున్న పేజీ తెరిచారు.

"అమ్మా," అన్నాడు పెద్దిరాజు. "సత్య పురిటికెళ్తుంది. నువ్వెక్కడుంటావు? ఇక్కడైతే ఆయాని పెడతాను. నేనూ నాన్నగారూ ఉంటాం."

"కాకినాడొస్తే నేనుంటానమ్మా. రోజంతా నీ పక్కనే ఉంటాను," అంది మీనాకుమారి. "ఇదిగో ఇది మా మేడ. నీకెక్కడుండాలనుంటే అక్కడ వేలు పెట్టు."

నాగరత్నం పేజీ చూసింది. ఆకుపచ్చ తలుపుల ఇంటి మీద వేలు పెట్టింది. పెద్దిరాజు ఊపిరి వదిలాడు. కానీ వేలు అక్కడ ఆగలేదు. మేడ మీదికి జరిగింది. అక్కడా ఆగలేదు. పేజీ అంచు దాకా వెళ్ళి, లేసు తడిమి, వెనక్కొచ్చింది.

పేజీ తిప్పింది. మళ్ళీ తిప్పింది.

"ఇళ్ళు అక్కడే ఉన్నాయమ్మా, ముందు పేజీలో," అంది మీనాకుమారి.

నాగరత్నం వినిపించుకోలేదు. ఫొటోల పేజీ దగ్గర ఆగి ఒక్కో మొహం చూసింది. అందులో లేని మొహం కోసం చూస్తున్నట్టు ఆ వరస చివరి దాకా వెళ్ళి, మళ్ళీ మొదటి నుంచీ వచ్చింది. కూరల పేజీ తిప్పేసింది. దుప్పటి ముక్క తిప్పేసింది. పుస్తకం మొదటికొచ్చి, మళ్ళీ చివరికెళ్ళింది. ఎడంచెయ్యి అలిసిపోయింది. అట్టలు ఒకదాని మీద ఒకటి జారుతున్నాయి.

"ఏం వెతుకుతోంది?" అన్నాడు పెద్దిరాజు.

మంచం కాళ్ళవైపు నిలబడ్డ కాశీవిశ్వనాథం కండువా భుజం మీద సర్దుకున్నాడు.

చివరికి నాగరత్నం ఖాళీ అట్ట దగ్గర ఆగింది. బొమ్మ లేదు, లేసు లేదు. దాని నడుమ వేలు పెట్టింది. గట్టిగా నొక్కింది. కొడుకు వైపు చూడలేదు, కూతురి వైపు చూడలేదు. భర్త మొహంలోకి చూసింది.

"అదే," అంది.

"ఏముందమ్మా అక్కడ? ఖాళీ అట్ట అది."

"అదే. అదే. అదే."

పెద్దిరాజు నెమ్మదిగా లేచాడు. "అర్థం కావట్లేదక్కా అమ్మకి. పూలంటే ఎదురుగా కనబడింది కాబట్టి చూపించింది. ఇంత పెద్ద సంగతి అడిగితే ఏం చెబుతుంది పాపం."

"నాన్నా," అంది మీనాకుమారి. కళ్ళనిండా నీళ్ళున్నాయి. "మిమ్మల్నే చూస్తోంది. మీకేమైనా తెలుస్తోందా? ఏంటి అడుగుతోంది?"

సత్యలక్ష్మి తలుపు పక్క నుంచి మామగారి వైపు చూస్తోంది.

నాగరత్నం వేలు అట్ట మీదే ఉంది. ఎదురుచూస్తోంది. జబ్బు చేసినప్పటి నుంచీ ఇంత నిబ్బరంగా, ఇంత నమ్మకంగా ఆవిడ ఎవరి వైపూ చూడలేదు.

"ఏమోనమ్మా," అన్నాడు కాశీవిశ్వనాథం. "నాకూ తెలియట్లేదు."

నాగరత్నం ఆ మాట విన్నది. వేలు అట్ట మీంచి తీసేసింది. పుస్తకం ఒళ్ళోంచి జారి చాప మీద పడినా పట్టుకోలేదు. మొహం గోడ వైపు తిప్పుకుంది.

"అయితే ఇంక మనమే చూసుకోవాలి," అన్నాడు పెద్దిరాజు, నీరసంగా. "సరేలే అక్కా. నీ మాటే కానీ. ఆయాని నమ్మలేం. రేపు టాక్సీ మాట్లాడతాను, కాకినాడ తీసుకెళ్దాం. మెట్లెక్కించడానికి నేనూ వస్తాను."

ఎప్పటి నుంచో కోరుకున్న మాట తమ్ముడి నోట వచ్చినా మీనాకుమారి మొహంలో సంతోషం లేదు. తల్లి వీపు మీద చెయ్యి వేసింది. ఆ వీపు కదల్లేదు.

కాశీవిశ్వనాథం వంగి పుస్తకం తీసుకున్నాడు. పక్క అట్ట మీది చమ్కీ ఒకటి ఊడిపోతే దాన్ని మళ్ళీ అంటించాలని బొటనవేలితో నొక్కుతూ నిలబడ్డాడు. అది అంటుకోలేదు. మళ్ళీ నొక్కాడు.

అప్పుడు సత్యలక్ష్మి తలుపు పక్క నుంచి కదిలింది. పెళ్ళయి వచ్చినప్పటి నుంచీ మామగారి మాటకి ఎదురు చెప్పని పిల్ల. ఒక చెయ్యి మంచం పట్టె మీద ఆనించి, కడుపు బరువుతో మెల్లగా వంగి, గోడ వైపున్న ఆ మొహానికి దగ్గరగా నోరు పెట్టింది. గుసగుసగా అడగలేదు. అందరికీ వినబడేలా అడిగింది.

"పెనుగొండ వెళ్తారా అత్తయ్యగారూ?"

"ఏయ్!" అన్నాడు పెద్దిరాజు. "ఏం మాటది? నీకు మతి ఉండే..."

మాట పూర్తి కాలేదు. నాగరత్నం ఇటు తిరుగుతోంది. ఎవరి సాయం లేకుండా, ఎడంచేత్తో మంచం పట్టె పట్టుకుని, పడిపోయిన సగం ఒంటిని తనే ఈడ్చుకుంటూ తిరిగింది. ఆ చేత్తోనే కోడలి మణికట్టు పట్టుకుంది. గాజులు ఒత్తుకుని ఒకటి చిట్లింది. సత్యలక్ష్మి చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

"అదే," అంది నాగరత్నం.

మీనాకుమారి తండ్రి వైపు తిరిగింది. "మీకు తెలుసు కదూ నాన్నా?" అంది.

కాశీవిశ్వనాథం చేతిలో పుస్తకం ఆ ఖాళీ అట్ట దగ్గరే తెరుచుకుని ఉంది. దాన్ని ఇంకా ముయ్యలేదు.